ఐదో గ్యాలరీ లైనులో చప్పుడు

1. దిగుడు మర్నాడు

ప్రాజెక్టు లాగ్‌బుక్కు ఎలా రాయాలో ఆగయ్య సారు మొదటి రోజే చెప్పారు. "ఏం చేసిన్రో రాయున్రి. ఏమనిపించిందో రాస్తే మార్కులు కోస్త." సరే, చేసినవే రాస్తాను. మధ్యలో అనిపించినవి కూడా దూరితే అది పూర్తిగా నా తప్పు కాదు. పెన్ను పట్టుకుంటే చాలు, నా నోరు దాంట్లోకి దిగిపోతుంది. చిన్నప్పట్నుంచీ ఇంతే.

పేరు: ఇరుప రుక్మ. నల్లబండ పాలిటెక్నిక్, ఎలక్ట్రికల్, ఆఖరి సంవత్సరం. పార్ట్‌నర్: నజీమా. ప్రాజెక్టు: బ్యాటరీ లేని టెలిఫోన్.

నిన్న దిగుడు అయింది. ఏటా లాగే ఎండలు ముదరగానే ఊరంతా ఇళ్లకు తాళాలు వేసి, బొగ్గు ఎప్పుడో అయిపోయిన పాత గనిలోకి దిగింది. మళ్లీ తొలకరి పడ్డాకే ఎక్కుడు. గని మూతి దగ్గర అందరి జేబులూ తడిమారు. గడియారాలు, టార్చీలు, చెవి మిషన్లు, బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువూ తీసుకుని బదులుగా ఇత్తడి బిళ్ల ఇచ్చారు. లోపల బొగ్గు గోడల్లోంచి గ్యాసు ఊరుతూనే ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఈసారి ఒక పిల్లాడి బూట్లలో మెరిసే లైట్లు దొరికాయి. అవి కోసి తీస్తుంటే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. "ఏడువనియ్యున్రి, ఇంకా పైననే ఉన్నం గద" అన్నారు ఎవరో.

ఎందుకంటే మూతి దాటాక ఏడవడానికి కూడా లేదు. కప్పు కూలే ముందు రాయి చిటపటమంటుంది. మన గోలలో అది వినపడకపోతే అంతే సంగతులు. అందుకే గనిలో గుసగుసలే. గొంతు పెంచినవాళ్లు వారం పాటు మూతికి గుడ్డ కట్టుకుని తిరగాలి. పోయినేడాది ఏదో జోకుకి పగలబడి నవ్వి నజీమా కట్టుకుంది. ఆ వారం నా చెవులకి పండగ.

గొంతెత్తి మాట్లాడే చివరి అవకాశం మూతి దగ్గర హాజరు. పేరు పిలుస్తారు, పిలిపించుకున్నవాళ్లు గట్టిగా "ఉన్న" అనాలి, రాసేవాళ్లకి వినపడాలి. మళ్లీ ఎక్కుడు రోజున అదే హాజరు. ఎంతమంది దిగారో అంతమందీ ఎక్కారా అని.

"ఇరుప సమ్మక్క!"

"ఉన్న!"

మా అమ్మ. పైన ఉన్నప్పుడు కూడా అమ్మకి గుసగుసే అలవాటు. ఏడాదిలో ఆమె గొంతు పూర్తిగా వినిపించేది ఈ రెండు హాజర్లలోనే. అంత పెద్ద గొంతు ఆమెకి ఉందని నేను ప్రతిసారీ మర్చిపోతాను, ప్రతిసారీ ఉలిక్కిపడతాను.

2. ఈ ప్రాజెక్టు ఎందుకు

సారు "అవసరం" అనే హెడ్డింగు కింద రాయమన్నారు.

మా అమ్మ చివరి పంపు దగ్గర పని చేస్తుంది. గనిలో అన్నిటికన్నా పల్లపు చోటు అది. ఊట నీళ్లు అక్కడికి చేరతాయి, వాటిని తోడకపోతే ఊరు మునుగుతుంది. పంపు గాలితో నడుస్తుంది. పైనుంచి ఒత్తిడి గాలి ఇనుప గొట్టంలో వస్తుంది. షిఫ్టుకి ఒక్కరే మనిషి. ఊరంతా ఉండే పెద్ద హాలు నుంచి అక్కడికి లోపల ఒకటే దారి, అది ఐదో గ్యాలరీ అనే సొరంగంలోంచి పోతుంది. ఐదోదాంట్లో ధాన్యం బస్తాలు తప్ప మనుషులుండరు.

కబుర్లకి ఇన్నాళ్లూ ఆ గాలి గొట్టమే దిక్కు. రాయితో కొడితే ఇనుము వెంట చప్పుడు గని చివరిదాకా పోయేది. షిఫ్టు మారిందంటే ఒక రకం దెబ్బ, మనిషి కావాలంటే ఒక రకం దెబ్బ. పోయిన వానల్లో ఐదో గ్యాలరీలో గొట్టం తుప్పుపట్టి పోతే అంతమేరా రబ్బరు గొట్టం వేశారు. గాలి బాగానే పోతోంది. దెబ్బ మాత్రం రబ్బరు దగ్గర చచ్చిపోతోంది. అంటే ఇప్పుడు అమ్మకి ఏమైనా అయితే మాకు తెలిసేది షిఫ్టు మారాకే.

కమిటీవాళ్లు "చూద్దాం" అన్నారు. కమిటీ చూద్దామంటే మన పిల్లల పెళ్లిళ్లు కూడా అయిపోతాయి. అందుకే నేనూ నజీమా ఈ ప్రాజెక్టు ఎత్తుకున్నాం. సారుకి మాత్రం "పారిశ్రామిక భద్రత" అని రాసిచ్చాం.

3. పరికరం

చాలా చిన్న సంగతి. ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్న రాగి తీగ చుట్ట, ముందు పలుచటి రేకు. మాట్లాడితే రేకు కదులుతుంది, కదిలితే తీగలో కాస్త కరెంటు పుడుతుంది. రెండు తీగల మీద ఆ కరెంటు అవతలికి పోయి అక్కడి రేకుని అలాగే కదుపుతుంది. మాట్లాడేదీ వినేదీ ఒకే రేకు. బ్యాటరీ లేదు, స్విచ్చు లేదు, నిప్పురవ్వ పుట్టేంత బలం లేదు. మన గొంతే దానికి కరెంటు.

అయస్కాంతాలు పాత స్పీకర్లలోంచి పీకాం. తీగ కాలిపోయిన ఫ్యాను మోటార్లలోంచి విప్పాం. రేకు కోసం డబ్బా మూతలు, ఎక్స్‌రే ఫిల్ములు, బిస్కెట్ ప్యాకెట్ల కాగితం అన్నీ చూశాం. ఎక్స్‌రే ఫిల్ముని అయస్కాంతం లాగదు, రేకు ఇనుపదే కావాలని తెలుసుకునేసరికి చేతులు బండబారాయి. చివరికి పాలపొడి డబ్బా మూతే గెలిచింది.

దిగుడుకి ముందు కాలేజీ గ్రౌండులో ఈ చివర నేను, ఆ చివర నజీమా. బ్రహ్మాండంగా పనిచేసింది. సారు కూడా "పర్లేదు" అన్నారు. ఆయన నోట పర్లేదంటే ఇంకొకరైతే దండ వేసినట్టు.

ఈరోజు గనిలో పెట్టి చూశాం. ఏమీ వినపడలేదు.

తీగ చూశాం, అతుకులు చూశాం, చుట్టలు మార్చాం. అన్నీ బాగున్నాయి. తప్పు ఎక్కడో అర్థమయ్యాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వలేక చచ్చాం. గ్రౌండులో మేం గొంతు చించుకుని అరిచాం. ఇక్కడ గుసగుసగా మాట్లాడుతున్నాం. గొంతే కరెంటు అయిన ఫోనుని, గొంతెత్తకూడని ఊరి కోసం తయారుచేశాం.

4. బూర

గుసగుసతో నడవాలంటే పరికరానికి చెవి పెద్దది కావాలి. రేకుల డబ్బా కోసి బూర చేశాం. ఊపిరి కూడా జారిపోకుండా మొత్తం రేకు మీదికి పోగవ్వాలి. అయస్కాంతాలు రెట్టించాం. రేకుని ఇంకా పలుచగా గీకాం. మూడు రేకులు చిరిగాయి, నజీమా వేలు తెగింది, నా నోట్లోంచి రాయకూడని మాటలు వచ్చాయి (గుసగుసగానే).

సాయంత్రం, వెలుతురు కోసం కప్పులో పెట్టిన గొట్టాల్లో పైనుంచి వచ్చే ఎండ తగ్గే వేళకి హాల్లో ఒక చివర కూర్చుని బూరలో "నజీమా, నీ చున్నీ తిరగేసి కట్టుకున్నవ్" అన్నాను, చెవిలో చెప్పినంత మెల్లగా. ఆ చివర నజీమా చున్నీ చూసుకుంది.

5. లైను

లైను వేయడం పూర్తయింది. మూడు చోట్ల పరికరాలు: హాలు, ఐదో గ్యాలరీ, చివరి పంపు. మూడూ ఒకే జత తీగ మీద. ఎవరు ఎక్కడ మాట్లాడినా మిగతా రెండు చోట్లా వినిపిస్తుంది. పరికరాలున్న పెట్టెల్ని కప్పు బోల్టులకే తగిలించాం. రాళ్లు జారకుండా కప్పులోకి దిగేసిన పొడవాటి ఇనుప బోల్టులు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి, కొత్తగా మేకులు ఎందుకు?

గంట మాత్రం ఒప్పుకోలేదు. చేత్తో తిప్పి మోగించే గంట ఒకటి పెడదామనుకున్నాం, అవతలివాళ్లని పిలవడానికి. ఓదెలు తాత వద్దన్నాడు. ఓదెలు తాత అంటే మా కప్పు పెద్ద. కర్ర పట్టుకుని రోజూ గ్యాలరీలన్నీ తిరుగుతూ కప్పుని తట్టి, చెవి పెట్టి విని, ఇక్కడ ఉండొచ్చు, ఇక్కడ వద్దు అని చెప్పేది ఆయనే. మూతిగుడ్డ శిక్ష వేసేదీ ఆయనే.

"తిప్పితే లోపల రవ్వ పుడ్తది. నాకు ఎర్కనే," అన్నాడు. నిజమే, పుడుతుంది. గంట పక్కన పెట్టేశాను.

కాబట్టి పద్ధతి ఇది: షిఫ్టు మారేముందు, మారాక పంపు మనిషి ఫోను దగ్గరికి వచ్చి మాట్లాడాలి. మిగతా వేళల్లో పిలిస్తే వినేవాళ్లుండరు.

మొదటిసారి అమ్మతో మాట్లాడాను.

"అమ్మా, ఇనవడుతుందా?"

తర్వాత పక్కనే కూర్చున్నట్టు అమ్మ గుసగుస. "బువ్వ తిన్నవా?"

ఇంత పెద్ద గనిలో ఇంత తీగ పరిచి, ఇన్ని వేళ్లు కోసుకుని సాధించింది ఈ ప్రశ్న కోసమా అనుకున్నాను. తిన్నానని అబద్ధం చెప్పాను. నాకు చాలా సంతోషమేసింది. సారు మార్కులు కోసుకోవచ్చు.

6. చప్పుడు

లైనులో చప్పుడు వస్తోంది. టిక్కు, టిక్కు, మధ్యలో చిన్న గీరుడు. అమ్మ గుసగుస దాని వెనకాల పడిపోతోంది. సారు విని మొహం చిట్లించారు. "బయట్నించి ఎగ్జామినర్ వస్తడు. గిది ఇంటే ఏమంటడు? నాయిస్ అంటడు. పది మార్కులు పాయె."

అతుకులన్నీ విప్పి మళ్లీ కట్టాం. తగ్గలేదు. పోయిన వారం కన్నా ఎక్కువైంది కూడా. నజీమా హాల్లో చెవి పెట్టుకుని కూర్చుంటే నేను ఒక్కో పెట్టెనీ తీసి చూశాను. ఐదో గ్యాలరీ పెట్టెని బోల్టు మీంచి తీసి చేత్తో పట్టుకుంటే చప్పుడు ఆగిపోయింది. మళ్లీ తగిలిస్తే మొదలైంది. అంటే తప్పు తీగలో లేదు, బోల్టులోంచి వస్తోంది. బోల్టు పక్కనుంచే గాలి గొట్టం పోతుంది. పంపు కొట్టుకుంటున్న అదురు గొట్టం వెంట వచ్చి బోల్టుకి ఎక్కుతోందని తేల్చాను. సారు తలూపారు. అదురుకి మందు రబ్బరు. నా పాత హవాయి చెప్పు కోసి, ఆ ముక్క బోల్టుకీ పెట్టెకీ మధ్య పెట్టాను.

చప్పుడు పోయింది. లైను అద్దంలా ఉంది. గుసగుస మధ్యలో అమ్మ గొంతు సవరించుకోవడం కూడా వినిపిస్తోంది. పొద్దున ఓదెలు తాత ఐదోదాంట్లో కప్పు తట్టి, బాగుందని చెప్పి వెళ్లాడు. మొత్తానికి సమస్య తీరింది. "సమస్య - కారణం - పరిష్కారం" అని ఒక పేజీ నీటుగా రాసి సారుకి చూపించాను. నాకు నేనే తెగ నచ్చేశాను.

7. చెప్పు ముక్క

ఇది రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం అమ్మ షిఫ్టు ఇంకా అయిపోలేదు. హాల్లో ఊరికే బూరకి చెవి పెట్టాను. లోపల పేలాలు వేగుతున్నట్టు చప్పుడు. టిక్కు టిక్కు కాదు, ఆగకుండా.

"నజీమా, రబ్బరు ముక్క జారిపోయినట్టుంది," అన్నాను.

నజీమా నేల చూపులు చూసింది. దాని చూపు వెంట నేనూ చూశాను. దాని చెప్పు పట్టీ కింద నా హవాయి చెప్పు ముక్క, చక్కగా మేకు దిగేసి.

"పొద్దున ఐదోదాంట్లకు పోయిన గదనే. ఆడ్నే పట్టీ తెగింది. రేపు కొత్త ముక్క పెడ్దామనుకున్న," అంది.

తిట్టాను. తిడుతూనే, పంపు అదురు ఇంత పెరిగిందేమిటా అని అనుమానం వచ్చింది. పంపు పాడవుతోందేమో, అమ్మ అక్కడ ఒక్కతే ఉంది. "ఒక్క నిమిషం గాలి బంద్ చెయ్. పంపు ఆగినంక చప్పుడు ఆగితే తప్పు పంపుది," అన్నాను. హాలు పక్కనే పెద్ద వాల్వు. నజీమా పరుగెత్తి తిప్పేసింది. ఎవరినీ అడగలేదు, అడగాలని మాకు తోచలేదు.

పంపు ఆగింది. లైనులో దాని దడదడ పోయింది. ఆ చప్పుడు పోలేదు. ఇంకా బాగా వినిపించింది.

పంపు కాదు. మరి బోల్టులోకి చప్పుడు ఎక్కడ్నుంచి వస్తుంది? బోల్టు ఎక్కడ దిగి ఉంది? కప్పులో.

తాత కర్రతో తడితే పై పొర ఒక్కటే మాట్లాడుతుంది. బోల్టు కప్పులోపలికి మనిషి పొడవున దిగి ఉంటుంది. రాయి లోపల్లోపల విరుగుతుంటే మా పెట్టె రోజూ చెబుతూనే ఉంది. నేను దాని నోట్లో చెప్పు ముక్క కుక్కాను.

ఈలోగా ఓదెలు తాత కర్ర టకటకలాడిస్తూ వచ్చాడు. "గాలి ఎవరు బంద్ వెట్టిన్రు?" గుసగుసలో కూడా ఆయన కోపం తెలుస్తుంది.

బూర ఆయన చెవికి పెట్టాను. ఆయన విన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. కళ్లు తెరిచేసరికి మొహంలో కోపం లేదు.

"యాడిది?"

"ఐదోది, తాతా."

"పంపు కాడ ఎవరున్నరు?"

"అమ్మ."

అప్పుడు గానీ నాకు మిగతాది తట్టలేదు. గాలి ఆగితే పంపు మనిషికి ఒక రూలుంది. గొట్టం వెంట లీకు వెతుక్కుంటూ పైకి నడిచి రావాలి. అంటే ఐదో గ్యాలరీలోకి. అమ్మని ఆ కప్పు కిందికి పిలిచింది మేమే. మళ్లీ గాలి వదిలితే పంపు దడదడలో ఏ మాటా వినపడదు. గొట్టం మీద కొడదామంటే రబ్బరు. మనిషిని పంపుదామంటే వాళ్లూ ఐదోదాంట్లోంచే పోవాలి. అమ్మకి వేరే దారి ఒకటుంది, పంపు వెనకాల గాలి బావి, అందులో పైదాకా ఇనుప నిచ్చెన. ఇనుము కాలుతుంది కాబట్టి ఎండాకాలంలో దాన్ని ఎవరూ ముట్టరు. ఆ దారిన పొమ్మని ఎవరో ఒకరు నోటితో చెప్పాలి.

బూరలో పిలిచాను. "అమ్మా. అమ్మా." గుసగుసగా. ఈ చప్పుడులో నాకే వినపడలేదు. ఫోను దగ్గర నిలబడి ఉంటే తప్ప వినే వేళ కాదు కూడా.

ఓదెలు తాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "గట్టిగ పిలువు."

నేను ఆయన వంక చూశాను. ఏటా గనిలో గుసగుసలాడుతూ పెరిగిన పిల్లని, ఇక్కడ గొంతు ఎలా పెంచాలో తెలియలేదు. కప్పు మీద పడుతుందేమోనని భయం.

"పిలువు బిడ్డా. నేను చెప్తున్న గద."

"అమ్మా!"

హాలంతా తలలు తిరిగాయి. ఎవరో పసిపిల్లని గుండెకి హత్తుకుని గోడకి ఆనుకున్నారు. అవతల్నుంచి ఏమీ లేదు. మళ్లీ పిలిచాను. మళ్లీ. ఆ బూరలోంచి పోయేసరికి ఏ పిల్ల గొంతైనా ఒకటేలాగుంటుంది. గనిలో ఎంతమంది పిల్లలకి ఎంతమంది అమ్మలు!

అప్పుడెందుకు తోచిందో తెలియదు. మూతి దగ్గర హాజరు రాతగాడు పిలిచినట్టు, ఇంటిపేరుతో సహా, ఊపిరంతా పెట్టి పిలిచాను.

"ఇరుప సమ్మక్క!"

"ఉన్న!"

ఒక్క క్షణం కూడా పట్టలేదు. చప్పుడుని చీల్చుకుని వచ్చింది, హాజరులో వచ్చినంత పెద్దగా. అలా పిలిస్తే అలా పలకడం ఆమెకి చిన్నప్పట్నుంచీ అలవాటు, ఆలోచించి పలికింది కాదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు.

"ఐదోదాని కప్పు ఇరుగుతుంది! ఇటు రాకు! గాలి బావి ఎక్కు!"

"ఏంది?"

"ఇటు రాకు! గాలి బావి! ఏం చెప్పిన, మల్ల చెప్పు!"

"ఇటు రావొద్దు. గాలి బావి ఎక్కాలె." ఇంకా అరుస్తూనే ఉంది. తర్వాత, "నువ్వు యాడున్నవ్?"

"హాల్ల ఉన్న! నువ్వు పో!"

తర్వాత ఆమె మాట లేదు, చప్పుడు ఒక్కటే. ఓదెలు తాత ఐదోదాని గేటుకి అడ్డంగా మనుషుల్ని నిలబెట్టాడు. నేను బూర వదల్లేదు. కొంతసేపటికి చప్పుడు ఒక్కసారిగా పెద్దదై, లైను పూర్తిగా ఆగిపోయింది. బూరలో ఏమీ లేదు. ఆ తర్వాత కాళ్ల కింద నేల అదిరింది, దుమ్ము గాలి హాల్లోకి కొట్టింది.

8. గాలి బావి

దుప్పట్లు తడిపి నెత్తిన కప్పుకుని గని మూతిలోంచి బయటికి పరుగెత్తాం. నేను, నజీమా, సారు, ఇంకా కొందరు. పైన మధ్యాహ్నపు ఎండ. చాలా రోజులకి చూశాను, చూడాలనిపించలేదు. బావి గట్టు చేరేసరికి తడి దుప్పటి ఆరిపోయింది. సారు దారిలో రెండుసార్లు కూలబడి, మళ్లీ లేచారు. ఆయన్ని రమ్మని ఎవరూ అనలేదు.

బావిలోకి వంగి చూశాను. చీకట్లో ఏదో కదులుతోంది. నిచ్చెన పై భాగం ఎండకి కాలిపోయి ఉంది. దుప్పటి ముక్కలు చింపి కిందికి వేశాం, అమ్మకి అందలేదు. ఆఖరి మెట్లు ఉత్త చేతులతోనే ఎక్కింది. సారు ఆమె రెక్క పట్టి లాగారు.

అరచేతుల తోలు నిచ్చెనకే అంటుకుపోయింది. నా మొహం చూసి అమ్మ ఏదో అంది, గుసగుసగా. దగ్గరికి వంగి విన్నాను.

"పంపు ఎవరు నడుపుతున్నరు?"

పంపుని ఎవరూ నడపడం లేదని చెప్పాను. నేను ఏడుస్తున్నందుకు విసుక్కుంది.

9. మూతిగుడ్డ

ఐదో గ్యాలరీ పూర్తిగా పడిపోయింది. బస్తాలు పోయాయి. మనుషులెవరూ పోలేదు. పంపు దగ్గరికి ఇప్పుడు గాలి బావి దారినే, వేకువన చల్లగా ఉండగా దిగుతున్నారు. నీళ్లు కాస్త పెరిగాయి, మళ్లీ అదుపులోకి వచ్చాయి.

ఓదెలు తాత హాల్లో అందరినీ కూర్చోబెట్టాడు. నా చేతిలో ఒక గుడ్డ పెట్టాడు, అమ్మ ఒళ్లో ఒకటి పెట్టాడు. జనం గొణిగారు, ఇదేం న్యాయమని. ఆయన మూడో గుడ్డ తీసి తన మూతికి కట్టుకున్నాడు. అరవమని చెప్పినవాడు తను కాబట్టి. దాంతో గొణుగుడు ఆగింది. కట్టుకునే ముందు ఒకే మాట అన్నాడు. "రేపట్నించి నా కర్ర ఒక్కటే సాలదు. గా పెట్టెలు అన్ని గ్యాలరీల తగిలియ్యున్రి. రబ్బరు లేకుంట."

అమ్మ చేతులకి కట్లు, నా వంటేమో నీళ్లపప్పు. ఆమెకి అన్నం తినిపించేటప్పుడు గుడ్డ దించుతాను, తినిపించాక కడతాను. ఆమె కళ్లతోనే నన్ను తిడుతుంది, పప్పులో ఉప్పు లేదని.

10. వైవా

బయటి ఎగ్జామినర్ వచ్చారు. పైనుంచి వచ్చిన మనిషి, గుసగుస సరిగ్గా చేతకాక సగం సైగలతోనే నెట్టుకొచ్చారు. నా మూతికి ఇంకా గుడ్డ ఉంది, రేపటిదాకా ఉంటుంది. అందుకని చెప్పడమంతా నజీమా వంతు. అది ఎప్పట్నుంచో ఇలాంటి రోజు కోసమే చూస్తోంది.

ఎగ్జామినర్ నా వంక చూపించి, "ఈ అమ్మాయి ఏం మాట్లాడదా?" అని అడిగారు.

"మాట్లాడింది సార్," అన్నారు ఆగయ్య సారు. "అందుకే."

ఎగ్జామినర్ బూర చెవికి పెట్టుకున్నారు. రెండో గ్యాలరీ పెట్టె. అక్కడ కప్పు గట్టిది, ఎప్పుడైనా ఒక్క టిక్కు. "లైనులో కొంచెం నాయిస్ ఉంది," అన్నారు.

"సార్, ఇప్పుడు పెట్టింది దానికోసమే," అంది నజీమా. "మాట్లాడుడు ఉత్తగ వస్తది." ఆ తర్వాత తన చెప్పు విప్పి బల్ల మీద పెట్టి, అది తెగకపోతే ఏమయ్యేదో మొదట్నుంచీ చెప్పింది. ఆగయ్య సారు తల పట్టుకున్నారు.

"సమస్య - కారణం - పరిష్కారం" పేజీని లాగ్‌బుక్కులోంచి చింపేద్దామనుకున్నాను. సారు వద్దన్నారు. దాని కింద "కారణం తప్పు, పరిష్కారం ఇంకా తప్పు" అని నా చేతే రాయించి, సంతకం పెట్టించుకున్నారు. మార్కులు ఎన్నో ఇంకా తెలియదు.

11. ఎక్కుడు

తొలకరి పడింది. ఊరు బయటికొచ్చింది. ఇత్తడి బిళ్లలు ఇచ్చి ఎవరి బ్యాటరీలు వాళ్లు తీసుకుంటున్నారు. బూట్ల పిల్లాడికి వాడి లైట్లు తిరిగి ఇస్తే, బూట్లు ఇరుకైపోయాయని మళ్లీ ఏడ్చాడు.

పెట్టెలు అన్ని గ్యాలరీల్లోనూ తగిలించాం. ఊరు పైన ఉన్నా లైను మూతి దాకా పొడిగించి ఉంచమన్నాడు ఓదెలు తాత. ఖాళీ గనిని వినడానికి రోజూ పొద్దున వచ్చి కూర్చుంటానని అంటున్నాడు. బ్యాటరీ అక్కర్లేదు కాబట్టి అది ఎన్నాళ్లయినా వింటూనే ఉంటుంది.

హాజరు మొదలైంది. వాన చినుకుల్లో కాగితం తడవకుండా రాతగాడు గొడుగు కింద నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. అమ్మ నా పక్కనే ఉంది. అరచేతులు మానాయి, తోలు మాత్రం ఎర్రగా, పలుచగా ఉంది.

"ఇరుప సమ్మక్క!"

"ఉన్నది!" అని అరిచాను.

అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు అంత పెద్దగా వస్తుందని నేనూ అనుకోలేదు. రాతగాడు పెన్ను ఆపాడు. "నువ్వు చెప్తే రాయ. ఆమెనే చెప్పాలె," అన్నాడు.

అమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. "నా నోటికేమైందే? కన్నతల్లిని పేరు పెట్టి పిలుసుడు అయింది, ఇప్పుడు జవాబు కూడ నువ్వే చెప్తవా?" అంది, గుసగుసగానే.

రాతగాడు మళ్లీ పిలిచాడు. నేను పళ్లు బిగించుకుని నిలబడ్డాను.

"ఉన్న!" అంది అమ్మ.